స్కిల్స్ మార్చాలా, స్వభావం మార్చాలా? ఫాంటసీ ఆటల్లో ఏ పద్ధతి ఎవరికి నప్పుతుంది

ఒక్కొక్కరూ ఒక పాత్రగా మాట్లాడుతూ, పాచికలు వేస్తూ టేబుల్ చుట్టూ కూర్చుని కథ నడిపే ఆటలివి. రెండు మూడు సెషన్లు అయ్యేసరికి దాదాపు ప్రతి టేబుల్ దగ్గరా ఎవరో ఒకరు మెల్లగా అడుగుతారు: "నా క్యారెక్టర్ నేననుకున్నట్టు రావట్లేదు, కాస్త మార్చుకోవచ్చా?" కథ నడిపించే గేమ్ మాస్టర్‌గా కూర్చున్న మొదట్లో ఈ మాటకు నా దగ్గర ఒకటే జవాబు ఉండేది: రూల్‌బుక్‌లో ఏముంటే అదే. ఇప్పుడు మాత్రం ముందు నేనే ఒకటి అడుగుతాను. సరిగ్గా రానిది ఏది? పాచిక వేసినప్పుడల్లా పని చెడిపోతోందా, లేక ఆ పాత్రగా మాట్లాడటానికి నోరు రావట్లేదా?

మొదటిది అంకెల ఇబ్బంది, రెండోది స్వభావం ఇబ్బంది. రెండింటికీ ఒకే మందు పనిచేయదు. అంకెలు తేడాగా ఉంటే తొందరగా, ఎక్కువ చర్చ పెట్టకుండా సరిచేసేయాలి. స్వభావం మాత్రం కథలో ఏదో ఒకటి జరిగాకే మారాలి. చాలా టేబుళ్ల దగ్గర దీనికి తలకిందులుగా నడుస్తుంది. స్కిల్ మార్చుకుంటానంటే పెద్ద పంచాయితీ అవుతుంది, పాత్ర గుణం మాత్రం ఎవరికీ చెప్పకుండా వారం వారం మారిపోతుంటుంది. ఏ ఆట ఈ రెండింటినీ ఎలా చూస్తుందో తెలిస్తే, మీ గుంపుకి ఏది సరిపోతుందో తేల్చుకోవడం తేలిక.

మొదటి స్కోర్లు: పాచికలా, పాయింట్లా

1974లో వచ్చిన తొలి డన్జియన్స్ అండ్ డ్రాగన్స్ (డి అండ్ డి)లో ఒక్కో ఎబిలిటీకి (బలం, చురుకుదనం, తెలివి లాంటివి) మూడు పాచికలు వేసి, పడింది పడ్డట్టు రాసుకోవడమే. సగటు 10.5. తర్వాత నాలుగు పాచికలు వేసి అన్నిటికన్నా చిన్నది తీసేసే పద్ధతి బాగా అలవాటైంది, దాని సగటు 12 దాటుతుంది. 2014 ఐదో ఎడిషన్‌లో దీంతోపాటు ఇంకో రెండు దారులున్నాయి. ఒకటి సిద్ధంగా ఇచ్చిన 15, 14, 13, 12, 10, 8 అనే వరస. రెండోది 27 పాయింట్లతో ఒక్కో స్కోరునీ 8 నుంచి 15 దాకా మనమే కొనుక్కోవడం.

సిద్ధంగా ఉన్న వరస మొత్తం కూడితే 72. నాలుగు పాచికల పద్ధతిలో సగటున సుమారు 73.5 వస్తుంది. అంటే పాచికలు వేసినందువల్ల సగటున పెద్దగా కలిసొచ్చేదేమీ లేదు. తేడా అంతా పక్కపక్కన కూర్చున్న ఇద్దరి మధ్య వస్తుంది. ఒకరికి 18, 17 పడి ఇంకొకరికి 11 దాటనప్పుడు, ఆ రెండోవాళ్లు ఏడాదిపాటు అదే షీట్ (పాత్ర వివరాలు రాసుకునే కాగితం) చూసుకుంటూ కూర్చోవాలి. ఒక్క రాత్రిలో అయిపోయే ఆటకి పాచికలు వేయండి, ఆ ఉత్కంఠ బాగుంటుంది. నెలల తరబడి నడిచే క్యాంపెయిన్ అయితే పాయింట్లే మేలు. మొదటిసారి ఆడేవాళ్లకి సిద్ధంగా ఉన్న వరస ఇచ్చేయండి. ఎంత ఎక్కువ లెక్క నెత్తిన పెడితే ఆట మొదలవడం అంత ఆలస్యమవుతుంది.

స్కోరు 14 ఉంటే పాచికకి కలిపే బోనస్ +2, 16 ఉంటే +3. ఈ ఒక్క అంకె కోసం చాలామంది టెన్షన్ పడుతుంటారు. ఇరవై ముఖాల పాచిక మీద దాని విలువ 5 శాతం, అంటే ఇరవై సార్లు వేస్తే ఒక్కసారి ఫలితం మారుతుంది. ఆ ఒక్కదాని కోసం మీకు నచ్చిన జాతినో (ఎల్ఫ్, డ్వార్ఫ్ లాంటివి) తరగతినో (యోధుడు, మాంత్రికుడు లాంటివి) వదులుకోవాల్సిన పని లేదు. పైగా 2020 నుంచి ఐచ్ఛిక నియమంగా జాతి ఇచ్చే బోనస్‌ని మనకు కావలసిన ఎబిలిటీకి మార్చుకునే వీలు వచ్చింది. 2024 నియమాల్లో ఆ బోనస్ జాతి నుంచి కాకుండా పాత్ర గతాన్ని చెప్పే బ్యాక్‌గ్రౌండ్ నుంచే వస్తుంది.

తర్వాత స్కోర్లు పెంచుకునే అవకాశం 2014 నియమాల్లో చాలా తరగతులకి 4, 8, 12, 16, 19 లెవెల్స్‌లో వస్తుంది. ఒకదానికి 2, లేదా రెండింటికి చెరో 1, లేదా ఒక ఫీట్, అంటే ఒక ప్రత్యేక సామర్థ్యం. మీ షీట్‌లో 13, 15 లాంటి బేసి స్కోర్లు రెండుంటే చెరో 1 పెట్టుకోండి, రెండు చోట్లా బోనస్ పెరుగుతుంది. సరి స్కోరుకి 1 కలిపితే ఆ లెవెల్లో దానికి ఫలితం కనబడదు.

స్కిల్స్: పెంపు ఎక్కడి నుంచి రావాలి

ఐదో ఎడిషన్‌లో 18 స్కిల్స్. ప్రొఫిషియెన్సీ (ఆ పనిలో శిక్షణ) ఉందా, లేదా అన్నదే లెక్క. ఉంటే బోనస్ మొదటి లెవెల్లో +2తో మొదలై 17వ లెవెల్‌కి +6 అవుతుంది, మీరు వేలు కదపక్కర్లేదు. డెక్స్టెరిటీ (చురుకుదనం) 16 ఉన్న రోగ్, అంటే దొంగలాంటి పాత్ర, చప్పుడు కాకుండా కావలివాణ్ణి దాటాలనుకోండి, కష్టం 15, అంటే పాచిక, బోనస్ కలిపి 15 రావాలి. ప్రొఫిషియెన్సీ లేకపోతే పాచిక మీద 12 పడాలి, అంటే 45 శాతం. ఉంటే 10 చాలు, 55 శాతం. దాంట్లోనే ఎక్స్‌పర్టీస్ (ఆ బోనస్‌ని రెట్టింపు చేసేది) కూడా ఉంటే 8 చాలు, 65 శాతం. మొదటి లెవెల్లో అసలు నేర్చుకోనివాడికీ ఆరితేరినవాడికీ మధ్య ఉన్నది ఇంతే. ఈ ఆటలో స్కిల్ తప్పు ఎంచుకున్నా కొంప మునగదు. కానీ ఎంచుకున్నది తర్వాత మార్చుకునే నియమం 2014 ప్లేయర్ల పుస్తకంలో లేదు. స్కిల్డ్ అనే ఫీట్ తీసుకుంటే మూడు కొత్తవి కలుస్తాయి గానీ, పనికిరానిది అలాగే ఉండిపోతుంది.

2019లో వచ్చిన పాత్‌ఫైండర్ అనే ఇంకో ఆట రెండో ఎడిషన్‌లో లెక్క వేరు. ట్రైన్డ్, ఎక్స్‌పర్ట్, మాస్టర్, లెజెండరీ అని నాలుగు మెట్లు, వరసగా +2, +4, +6, +8. దానికి పాత్ర లెవెల్ కూడా కలుస్తుంది. నేర్చుకోని స్కిల్‌కి మాత్రం లెవెల్ కలవదు. పదో లెవెల్లో కనీసం ట్రైన్డ్ అయినవాళ్లకి +12, కానివాళ్లకి సున్నా, ఎబిలిటీ బోనస్ ఎవరిది వాళ్లకి. ఇక్కడ తప్పు ఎంపిక లెవెల్ లెవెల్‌కీ బరువెక్కుతుంది. అందుకే ఈ ఆటలో రీట్రెయినింగ్ పుస్తకంలోనే ఉంది. సాహసాల మధ్య దొరికే ఖాళీలో ఒక వారం పెడితే ఒక ఫీట్‌నో, స్కిల్ పెంపునో వదిలి ఇంకొకటి తీసుకోవచ్చు. పుట్టుకతో వచ్చిన వంశం, పాత జీవితం, తరగతి మాత్రం మారవు. నాకు ఈ గీత చాలా నచ్చుతుంది. నేర్చుకున్నది మరిచిపోవచ్చు గానీ, ఎక్కడి నుంచి వచ్చామో మార్చలేం కదా.

మూడో దారి వాడకం. 1978 నాటి రూన్‌క్వెస్ట్ అనే ఆట దీన్ని బాగా నిలబెట్టింది. స్కిల్ శాతంలో ఉంటుంది. ఆటలో దాన్ని వాడి గెలిస్తే పక్కన గుర్తు పెట్టుకుంటారు. సాహసం అయ్యాక వందలోపు పాచిక వేస్తారు, ఉన్న స్కోరు కన్నా ఎక్కువ పడితేనే పెరుగుతుంది. 30 ఉన్నవాళ్లకి పెరిగే అవకాశం 70 శాతం, 80 ఉన్నవాళ్లకి 20 శాతమే. కొత్తగా నేర్చుకునేవాడు చకచకా ఎదుగుతాడు, చేయి తిరిగినవాడు నెమ్మదిగా. నిజజీవితంలో పని నేర్చుకున్న ఎవరికైనా ఇది సరిగ్గా ఉందనిపిస్తుంది. ఇబ్బంది ఒక్కటే, గుర్తుల కోసం అవసరం లేని చోట కూడా తాళాలు తీసేవాళ్లు, గోడలెక్కేవాళ్లు తయారవుతారు. ఒక సాహసంలో ఒక స్కిల్‌కి ఒక్కటే గుర్తు, అదీ ఓడిపోతే నష్టం ఉన్న సందర్భంలోనే అని ముందే చెప్పుకుంటే ఈ బెడద తగ్గిపోతుంది.

నాలుగోది కొనుక్కోవడం. 1986లో మొదలైన గర్ప్స్ అనే ఆటలో పాత్ర మొత్తం పాయింట్లతోనే తయారవుతుంది, తర్వాత పెరిగేదీ పాయింట్లతోనే. మొదటి ఒకటి రెండు మెట్లు చవక, ఆ తర్వాత ఒక్కో మెట్టుకీ 4 పాయింట్లు. నాలుగో ఎడిషన్‌లో డెక్స్టెరిటీని ఒక్కటి పెంచాలంటే 20. కాబట్టి దాని కింద మీరు గట్టిగా పెంచుకున్న స్కిల్స్ ఐదో, అంతకన్నా ఎక్కువో ఉంటే విడివిడిగా కొనకండి, డెక్స్టెరిటీనే పెంచండి. రెండే ఉంటే ఆ రెండింటి మీదే ఖర్చు పెట్టండి. లెక్కలంటే ఇష్టమున్నవాళ్లకి ఇది పండగ. లెక్క చూడగానే చిరాకు పడేవాళ్లు టేబుల్ దగ్గర ఒక్కరున్నా, వాళ్ల షీట్ ఇంకొకరు నింపాల్సి వస్తుంది. అప్పుడది వాళ్ల పాత్ర కాకుండా పోతుంది.

స్వభావం: రాసుకోవడం వేరు, లెక్కగట్టడం వేరు

అసలు తికమక ఇక్కడే. స్కిల్ తప్పయితే మహా అయితే పాచిక ఓడిపోతుంది. స్వభావం తప్పయితే పక్కవాళ్ల ఆట కూడా చెడుతుంది.

2014 డి అండ్ డిలో ప్రతి పాత్రకీ గుణం, ఆదర్శం, బంధం, లోపం అని రాసుకుంటారు. వాటికి తగ్గట్టు ఆడితే డన్జియన్ మాస్టర్ (ఈ ఆటలో గేమ్ మాస్టర్‌కి పేరు) ఇన్‌స్పిరేషన్ అనే బహుమతి ఇవ్వొచ్చు. దాన్ని ఖర్చుపెడితే ఒక రోల్‌కి రెండు పాచికలు వేసి పెద్దది తీసుకుంటారు. రెండు మూడు కూడబెట్టుకోవడం కుదరదు. 2024 నియమాల్లో బ్యాక్‌గ్రౌండ్‌తో వచ్చే ఆ పట్టికలు తీసేశారు, ఇన్‌స్పిరేషన్‌తో ఏదైనా ఒక పాచికను మళ్లీ వేసుకోవచ్చు. ఈ పద్ధతి మెత్తనిది, ఎవరినీ బలవంతపెట్టదు. అయితే ఇచ్చేది గేమ్ మాస్టర్ జ్ఞాపకం మీద ఆధారపడి ఉంటుంది. యుద్ధం మధ్యలో నలుగురి షీట్లలో పదహారు వాక్యాలు గుర్తుపెట్టుకోవడం కష్టం. నేనైతే ఒక్కొక్కరి దగ్గర ఒక్క లోపం, ఒక్క బంధం మాత్రం చీటీ మీద రాయించి నా ముందు పెట్టుకుంటాను.

దీనికి పూర్తిగా అవతలి చివర 1985 నాటి పెండ్రాగన్ ఉంది. రాజు ఆర్థర్ కాలపు వీరుల ఆట. స్వభావం మొత్తం పదమూడు జంటలు: దయ, క్రూరత్వం, నిజాయితీ, మోసం, వినయం, గర్వం, ఇలా. ప్రతి జంట కలిపితే 20. దయ 14 అయితే క్రూరత్వం 6. ఒకటి పెరిగితే రెండోది తగ్గాల్సిందే.

ఇది టేబుల్ మీద ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూపిస్తాను. ఓడిపోయిన శత్రువు మోకాళ్ల మీద ఉన్నాడు, కత్తి కింద పడేశాడు. వీరుడికి దయ 14. ఆటగాడు ఇరవై ముఖాల పాచిక వేశాడు, 17 పడింది. 14 దాటింది కాబట్టి దయ నిలవలేదు. అంటే వెంటనే నరికేయమని కాదు. ఇప్పుడు క్రూరత్వానికి వేయాలి, అది 6. మళ్లీ వేస్తే 5, ఆరు లోపే. అంతే, ఆ క్షణంలో ఆ వీరుడు దయ చూపలేకపోయాడు. ఒకవేళ రెండూ పడకపోతే నిర్ణయం ఆటగాడిదే. పాచిక ఆగిన తర్వాత టేబుల్ దగ్గర వచ్చే నిశ్శబ్దం నాకు ఇంకే ఆటలోనూ దొరకలేదు. తానేంటో తనకే తెలియని మనిషిని ఆడటం అంటే అది.

కానీ ఈ పద్ధతి అందరికీ పడదు. "నా పాత్ర ఏం చేయాలో నేనే చెప్పాలి, పాచిక కాదు" అనేవాళ్లు ఉంటారు, వాళ్ల మాటా న్యాయమే. అలాంటివాళ్లు ఇద్దరున్నా పెండ్రాగన్ పద్ధతి మీ ఆటలోకి తేకండి. తేవాలనిపిస్తే ఒకే ఒక్క జంట, అదీ ఆటగాడే కోరి ఎంచుకున్నది, మీ డి అండ్ డి ఆటలో పెట్టి చూడండి. అందరికీ ఒకేసారి పెట్టకండి.

గర్ప్స్ మధ్యలో ఉంటుంది. కోపం, దురాశ లాంటి బలహీనతలు తీసుకుంటే పాయింట్లు తిరిగొస్తాయి, వాటితో ఇంకేదైనా కొనుక్కోవచ్చు. బలహీనత తట్టుకోవాలంటే మూడు పాచికలు వేసి ఒక అంకెకి లోబడి పడాలి. ఆ అంకె 12 అయితే నాలుగింట మూడుసార్లు, అంటే 74 శాతం, తట్టుకుంటారు. 9 అయితే 37.5 శాతమే, అందుకని వచ్చే పాయింట్లు ఒకటిన్నర రెట్లు. 6 అయితే 9 శాతం పైన, పాయింట్లు రెట్టింపు. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. పాయింట్ల కోసం ఆటలో ఎన్నడూ ఎదురుకాని బలహీనతలు తీసుకుంటారు. సముద్రం లేని కథలో నీళ్ల భయం ఎవరికీ నష్టం కాదు. గేమ్ మాస్టర్ షీట్ చూసేటప్పుడు ప్రతి బలహీనతకీ "ఇది వచ్చే మూడు సెషన్లలో ఎక్కడ తగులుతుంది?" అని అడగాలి. జవాబు లేకపోతే పాయింట్లు ఇవ్వకూడదు. తర్వాత బలహీనత పోగొట్టుకోవాలంటే దానికి వచ్చినన్ని పాయింట్లు తిరిగి కట్టాలి. అది సబబే అనిపిస్తుంది.

ఫేట్ కోర్ అనే ఆట దీన్ని ఇంకోలా చూస్తుంది. అంకె ఉండదు, వాక్యం ఉంటుంది. "అన్న కోసం దేనికైనా సిద్ధపడే దొంగ" అని రాసుకుంటే, అది మీకు సాయపడే చోట ఒక ఫేట్ పాయింట్ పెట్టి +2 తీసుకోవచ్చు. అదే వాక్యం మిమ్మల్ని చిక్కుల్లోకి లాగే చోట గేమ్ మాస్టర్ పాయింట్ ఇవ్వజూపుతారు. ఒప్పుకుంటే పాయింట్ మీది, వద్దంటే మీరే ఒకటి కట్టాలి. బలవంతం లేదు, కానీ తప్పించుకోవడం ఉచితం కాదు. మార్పు విషయంలో నేను చూసిన వాటిలో అన్నిటికన్నా ఉదారమైన ఆట ఇదే. చిన్న మైలురాయి దగ్గర, అంటే సాధారణంగా ఒక సెషన్ చివర, రెండు స్కిల్స్ స్థానాలు మార్చుకోవడం గానీ, పాత్ర మూల వాక్యం తప్ప ఇంకో వాక్యాన్ని తిరగరాయడం గానీ చేయొచ్చు. మూల వాక్యం మారాలంటే పెద్ద మైలురాయి దాకా ఆగాలి.

బర్నింగ్ వీల్ అనే ఆటలో ఒక మంచి సంగతి ఉంది. కథ ఒక దశ దాటాక టేబుల్ దగ్గర ఉన్నవాళ్లంతా ఒకరి పాత్ర గుణాల మీద ఒకరు వోటు వేస్తారు. మీ పాత్ర ధైర్యవంతుడో కాదో మీరొక్కరే తేల్చరు, పక్కన కూర్చుని చూసినవాళ్లు తేలుస్తారు. ఆట మొత్తం మార్చకుండా ఈ ఒక్క అలవాటు అరువు తెచ్చుకోవచ్చు.

పాత డి అండ్ డిలో స్వభావం మార్పుకి శిక్ష ఉండేది. 1979 డన్జియన్ మాస్టర్ గైడ్ ప్రకారం అలైన్‌మెంట్ (మంచివైపా, చెడువైపా అన్నది) మారిన పాత్ర ఒక లెవెల్ పోగొట్టుకుంటుంది. ఇప్పుడలా ఆడమని ఎవరికీ చెప్పను. శిక్షకి భయపడి పాత్ర ఎదగడం మానేస్తే, ఆ ఆటలో మిగిలేది పాచికలే.

మీ టేబుల్‌కి ఏది

కొత్తవాళ్లు ఎక్కువుంటే: డి అండ్ డి, సిద్ధంగా ఉన్న స్కోర్లు, మొదటి మూడు సెషన్ల దాకా స్కిల్స్ ఏవైనా ఉచితంగా మార్చుకునే సొంత నియమం. ఆడి చూడకుండా ఎవరికీ తమకేం కావాలో తెలియదు. ఆ తర్వాత పాత్‌ఫైండర్ వాళ్ల వారం రోజుల రీట్రెయినింగ్‌ని తెచ్చి పెట్టుకోండి. ఏ వ్యవస్థలోనైనా ఇట్టే అతుకుతుంది.

వ్యూహాలు, లెక్కలు ఇష్టపడే గుంపు అయితే పాత్‌ఫైండర్ లేదా గర్ప్స్. పాత్రల మధ్య గొడవలు, ప్రేమలు, పగలు ఆడాలనుకుంటే ఫేట్. ఒకే వీరుడి జీవితం ఏళ్ల తరబడి, ముసలితనం దాకా నడవాలంటే పెండ్రాగన్‌కి సాటి లేదు. ఇప్పటికే మధ్యలో ఉన్న క్యాంపెయిన్‌ని మాత్రం ఆట మార్చి బాగుచేయాలని చూడకండి. ఒక్క నియమం కలపండి, నాలుగు సెషన్లు ఆడి చూడండి.

నా టేబుల్ దగ్గర ఒక ఫైటర్ (యోధుడి పాత్ర) ఉండేవాడు. లోపం గడిలో "ఎవరినీ నమ్మడు" అని రాసుకున్నాడు ఆటగాడు. చదవడానికి బాగుంది. ఆటలో మాత్రం రాత్రి కాపలా ఇంకొకరికి ఇవ్వడు, తోటివాళ్ల సంచులు వెతుకుతాడు, ప్రతి ఒప్పందం దగ్గరా అడ్డం పడతాడు. నాలుగో సెషన్‌కి మిగతావాళ్ల మొహాల్లో అలసట కనిపించింది. నేను ఆ వాక్యం కొట్టేయమనలేదు. ఆట అయ్యాక పక్కకి పిలిచి, "ఎవరు ఏం చేస్తే వీడు నమ్ముతాడు?" అని మాత్రం అడిగాను. కాసేపు ఆలోచించి, "నా కోసం ఎవరైనా నష్టపోతే" అన్నాడు. దాన్ని నా నోట్‌బుక్‌లో రాసుకున్నాను, ఎవరికీ చెప్పలేదు.

రెండు సెషన్ల తర్వాత గుహలో ఫైటర్ పడిపోయాడు. క్లెరిక్ (గాయాలు మాన్పే పూజారి పాత్ర) దగ్గర ఒక్కటే మంత్రం మిగిలింది, ఆమె కూడా చావు అంచునే ఉంది. ఆ మంత్రం ఫైటర్ మీద వాడింది. తర్వాతి దెబ్బకి తను పడిపోయింది. ఫైటర్ ఆడేవాడు తన వంతు వచ్చినా పాచిక తీయలేదు. పెన్సిల్ తీసుకున్నాడు. లోపం గడిలో పాత వాక్యాన్ని రబ్బరుతో చెరపబోతుంటే ఆపాను, అడ్డంగా ఒక్క గీత గీసి కింద రాయమన్నాను. "నమ్మినవాళ్ల జోలికి వస్తే ఆగడు" అని రాశాడు. పైన కొట్టేసిన వాక్యం ఇంకా చదవడానికి వీలుగానే ఉంది. ఆరు నెలల తర్వాత పాత్రల జట్టులో ఒకరు అబద్ధం చెప్పి దొరికినప్పుడు నేను వేలు పెట్టి చూపించింది ఆ గీత కింది అక్షరాలనే.